మీ అద్దాల పవర్ నిజంగా కరెక్టేనా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల కళ్ళజోడు గురించి ప్రశ్నలు పంపమంటే వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే గోల, "చీటీలో ఒకటి ఉంది, మెషీన్‌లో ఇంకోటి చూపిస్తోంది" అని. అందుకే ఈసారి మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం, ఏమనుకోకండి.

ప్రశ్న: సర్, నాకు రెండు కళ్ళకీ మైనస్ 2.25. కొత్త జోడు తీసుకుని, ఊరికే డౌటొచ్చి పక్క వీధిలో షాపులో మెషీన్ మీద పెట్టిస్తే మైనస్ 2.37 అని చూపించింది. మొదటి షాపాయన దగ్గరికెళ్తే ఆయన మెషీన్‌లో సరిగ్గా 2.25 వచ్చింది. మూడో చోట 2.34! ఇందులో ఎవరు మోసం చేస్తున్నట్టు? – ఒక పాఠకుడు, గుంటూరు

ఎవరూ కాదండీ, ముగ్గురూ నిజమే చెప్పారు. ఆటో లెన్సోమీటర్‌లో, అంటే లెన్స్ పవర్ కొలిచే ఆ మెషీన్‌లో, సెట్టింగ్ ఒకటుంటుంది, రీడింగ్ ఎన్ని స్టెప్పుల్లో చూపించాలి అని, 0.25 స్టెప్పు, 0.12 స్టెప్పు, 0.01 స్టెప్పు. మీ లెన్స్ అసలు పవర్ 2.34 అనుకోండి. 0.01లో పెట్టినాయనకి ఉన్నదున్నట్టు 2.34 వచ్చింది, 0.12లో పెట్టినాయన మెషీన్ దగ్గర్లో ఉన్న 2.37కి లాగేసింది, 0.25లో పెట్టినాయన మెషీన్ 2.25కి దించేసింది. ఒకే లెన్స్, ఒకే పవర్, మూడు నంబర్లు. ఆ మూడు షాపులూ తిరిగే బదులు మొదటి షాపులోనే స్టెప్పు మార్చమని అడిగితే అక్కడే మూడూ కనపడేవి.

ఇప్పుడు అసలు సంగతి, 2.25 కి 2.34 ఇస్తే ఒప్పుకోవచ్చా అని. ఒప్పుకోవచ్చు. అమెరికాలో ల్యాబులు చూసే స్టాండర్డ్ ఆన్సి జెడ్80.1, మిగతా చాలా దేశాల వాళ్ళు చూసేది ఐఎస్ఓ 21987, ఫ్రేమ్‌లో బిగించిన లెన్సుల కోసం రాసినది. ఆన్సి ప్రకారం మామూలు సింగిల్ విజన్ లెన్స్‌కి (అంతటా ఒకే పవర్ ఉండేది) 6.50 పవర్ దాకా 0.13 అటూ ఇటూ ఉండొచ్చు, ఐఎస్ఓలో కూడా చిన్న పవర్లకి 0.12. మీ తేడా 0.09, కాబట్టి పాస్.

ఆ 0.13 ఎక్కణ్ణుంచి ఊడిపడింది అంటారేమో. డాక్టర్లు పవర్ రాసేది 0.25 మెట్లలో కదా, 2.00, 2.25, 2.50 ఇలా, అందులో సగం మెట్టు 0.125. లెన్స్ తయారీలో వచ్చే తేడా సగం మెట్టు దాటితే అది పక్క పవర్ లెన్స్ కిందే లెక్క, దాటకపోతే మీ పవర్ లెన్సే. పైగా అదే మనిషికి పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కళ్ళు టెస్ట్ చేస్తే పావు పవర్ తేడా రావడం మామూలే, మరి చీటీయే అంత కదిలేటప్పుడు లెన్స్‌ని మూడో దశాంశం దాకా కొలిచి పోట్లాడితే ఏం లాభం.

అయితే 0.25 స్టెప్పులో పెట్టి చూపించే షాపులతో నాకు ఒక్క పేచీ ఉంది. కుడి లెన్స్ 2.14, ఎడమది 2.36 వచ్చిందనుకోండి, రెండూ పాసే, ఆ మెషీన్ రెండింటికీ 2.25 అనే చూపిస్తుంది, కానీ రెండు కళ్ళ మధ్య 0.22 తేడా ఉండిపోయింది. ఒకటే పవర్ రాయించుకున్న మనిషికి "ఏదో ఒక కన్నుతో ఎక్కువ బాగుంది" అనిపించేది ఇక్కడే. రూలు ప్రకారం తప్పు కాదు గానీ నేనైతే కొనేవాడికి 0.01లోనే చూపిస్తాను, చూపించి ఇది ఇంతే ఉంటుందని చెప్తాను.

ప్రశ్న: డాక్టర్ గారి చీటీలో మైనస్ 1.75, సిలిండర్ ప్లస్ 0.75, యాక్సిస్ 90 అని ఉంది. షాపు వాళ్ళిచ్చిన కార్డులో మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 180. ప్లస్‌కి మైనస్ చేసి అడ్డదిడ్డంగా లెన్స్ వేసేశారా? – పాఠకురాలు, కాకినాడ

లేదమ్మా, రెండూ ఒకటే లెన్స్. చీటీలో మొదట రాసేది స్ఫెరికల్, అంటే అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండే పవర్. సిలిండర్ అంటే ఒక దిక్కులో మాత్రమే కలిపే పవర్, యాక్సిస్ అంటే దాన్ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే డిగ్రీలు. కొందరు డాక్టర్లు ప్లస్ సిలిండర్‌లో రాస్తారు, ల్యాబులూ ఆప్టోమెట్రిస్టులూ ఎక్కువగా మైనస్‌లో రాస్తారు. మార్చే లెక్క చాలా తేలిక, స్ఫెరికల్‌నీ సిలిండర్‌నీ కూడండి, సిలిండర్ గుర్తు తిప్పండి, యాక్సిస్‌ని 90 జరపండి. మైనస్ 1.75 కి ప్లస్ 0.75 కలిపితే మైనస్ 1.00, అయిపోయింది. నిజానికి ఆ లెన్స్‌లో ఉన్నవి రెండే పవర్లు, ఒక అడ్డంలో 1.00, దానికి నిలువులో 1.75, రెండూ మైనస్‌లే. ఎలా రాసినా అవి మారవు. ఈ గొడవ లేకుండా ఉండాలనే స్టాండర్డ్ వాళ్ళు 0.13 తేడాని రెండింటిలో పెద్ద పవర్ ఉన్న దిక్కులో చూడమన్నారు, మీ కేసులో 1.75 ఉన్న దిక్కు. సిలిండర్‌కి విడిగా ఇంకో లెక్క, 2.00 దాకా 0.13, ఆపైన 4.50 దాకా 0.15, ఇంకా పైన అయితే నాలుగు శాతం.

ప్రశ్న: నాకు సిలిండర్ 0.50, యాక్సిస్ 170. కొత్త జోడులో 176 వచ్చింది. మా ఆవిడకి సిలిండర్ 2.50, యాక్సిస్ 15 ఉండాల్సింది 20 వచ్చింది. నాకు ఆరు డిగ్రీలు, తనకి ఐదే డిగ్రీలు. షాపాయన నాది ఓకే అంటున్నాడు, ఆవిడది మాత్రం మళ్ళీ చేసిస్తానంటున్నాడు. ఎక్కువ తేడా ఉన్నది నాదైతే ఆవిడది మార్చడమేంటి? – కరీంనగర్ నుంచి

ఆ షాపాయనకి నా తరఫున ఒక నమస్కారం చెప్పండి, వదలకండి ఆ షాపుని.

యాక్సిస్ తేడా ఎంత దాకా ఒప్పుకోవచ్చో సిలిండర్ ఎంతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఆన్సి లెక్క ఇది: సిలిండర్ 0.25 దాకా 14 డిగ్రీలు, 0.50 దాకా 7, 0.75 దాకా 5, 1.50 దాకా 3, ఆపైన ఎంతున్నా 2 డిగ్రీలు. మీది 0.50 కాబట్టి ఏడు డిగ్రీల దాకా పర్లేదు, ఆరు పాస్. మీ ఆవిడది 2.50, అక్కడ రెండు డిగ్రీలు దాటకూడదు, ఐదంటే ఫెయిలే.

పైకి చూస్తే ఈ నంబర్లు ఎవరో నోటికొచ్చినట్టు రాసినట్టుంటాయి, 14, 7, 5, 3, 2. కానీ వెనక ఒక చిన్న లెక్క ఉంది. సిలిండర్ యాక్సిస్ కాస్త పక్కకి తిరిగితే ఆ తిరిగినంత మేరా కంటికి కొత్తగా ఒక సిలిండర్ మిగిలిపోతుంది, అది ఎంతంటే రెండింతల సిలిండర్‌ని, తిరిగిన కోణం సైన్ విలువతో గుణిస్తే వచ్చేది. 0.25 సిలిండర్ 14 డిగ్రీలు తిరిగితే మిగిలేది 0.12. 0.50 ఏడు డిగ్రీలు తిరిగినా 0.12. 0.75 ఐదు తిరిగితే 0.13. 1.50 మూడు తిరిగితే 0.16, 2.00 రెండు తిరిగితే 0.14. చూశారా, డిగ్రీలు ఎంత దిగినా కంటి మీద పడే తేడా మాత్రం అన్నిచోట్లా దాదాపు అదే సగం మెట్టు చుట్టూ తిరుగుతోంది. ఇదే లెక్క మీ ఆవిడ లెన్స్‌కి వేస్తే ఐదు డిగ్రీలకి 0.44 వస్తుంది. అంటే ఇంచుమించు రెండు మెట్ల పవర్ తప్పు పెట్టుకు తిరుగుతున్నట్టు. మీకు ఆరు డిగ్రీలకి మిగిలింది 0.10. ఇంకో ముక్క, ముప్పై డిగ్రీలు తప్పితే మిగిలేది సరిగ్గా ఉన్న సిలిండర్ అంతా, అంటే లెన్స్‌లో సిలిండర్ వేసినా వెయ్యనట్టే, పైగా వేరే దిక్కులో!

ఒకటి గుర్తుపెట్టుకోండి, యాక్సిస్ చూసేటప్పుడు ఫ్రేమ్ కింది అంచులు రెండూ లెన్సోమీటర్ బల్లకి తాకి ఉండాలి. ఒక పక్క లేచి ఉంటే లెన్స్ బాగానే ఉన్నా యాక్సిస్ తప్పు చూపిస్తుంది. మీ ఆవిడ జోడుని ఒకసారి సరిగ్గా ఆనించి మళ్ళీ చూడమనండి, అప్పుడూ ఐదే వస్తే మార్పించుకోండి.

ప్రశ్న: మేముండేది ఫ్రిస్కో, టెక్సస్. చీప్‌గా వస్తోందని ఆన్‌లైన్‌లో జోడు తెప్పించుకున్నా, రెండు కళ్ళకీ మైనస్ 5.50. వేస్కున్న దగ్గర్నుంచి కళ్ళు లాగేస్తున్నాయి, తల బరువు. లోకల్ ఆప్టికల్‌లో చెక్ చేయిస్తే పవర్ పర్ఫెక్ట్ అన్నారు. మరి ఎందుకిలా? ఆర్డర్ పెట్టేటప్పుడు పీడీ అడిగితే తెలీక "యావరేజ్" అని నొక్కేశా. – పాఠకుడు

చివరి వాక్యంలో మీరే జవాబు చెప్పేశారు తమ్ముడూ.

పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. లెన్స్ పవర్ ఎంత కరెక్టుగా ఉన్నా దాని ఆప్టికల్ సెంటర్ మీ కంటిపాప ముందు లేకపోతే అక్కడ లెన్స్ ఒక ప్రిజమ్‌లా పనిచేస్తుంది, వెలుతుర్ని పక్కకి వంచుతుంది. ఎంత వంచుతుందో చెప్పడానికి ప్రెంటిస్ రూల్ అని ఒకటుంది, సెంటర్ ఎన్ని సెంటీమీటర్లు జరిగిందో దాన్ని పవర్‌తో గుణించడమే. మీ అసలు పీడీ 61 అనుకోండి, వాళ్ళు 65 పెట్టి చేసేశారనుకోండి, నాలుగు మిల్లీమీటర్లు తేడా, 0.4 ఇంటూ 5.5, మొత్తం 2.2 ప్రిజమ్. ఇదే నాలుగు మిల్లీమీటర్ల తప్పు మైనస్ 1.00 వాళ్ళకి జరిగితే వచ్చేది 0.4 ప్రిజమ్, వాళ్ళకి తెలియను కూడా తెలియదు. అందుకే మీ ఫ్రెండ్ "నేనూ యావరేజే పెట్టా, నాకేం కాలేదు" అంటే నమ్మండి, కానీ ఆయన పవరెంతో కూడా అడగండి.

ఆన్సిలో ఎడమ కుడి దిక్కు ప్రిజమ్ తేడా 0.67 దాటకూడదు, అది 2.75 పవర్ దాకా. అంతకు మించిన పవర్లకి నేరుగా పీడీ తేడానే చూస్తారు, 2.5 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. పైకీ కిందకీ అయితే ఇంకా గట్టి రూలు, 0.33 ప్రిజమ్, లేదా పెద్ద పవర్లకి 1 మిల్లీమీటర్. ఎందుకంటే కళ్ళని ఒకదాన్ని పైకి ఒకదాన్ని కిందకి తిప్పే ఓపిక మనకి దాదాపు లేదు. ఇంకో విషయం, మైనస్ లెన్సుల సెంటర్లు కళ్ళకంటే వెడల్పుగా పడితే కళ్ళు బయటికి తిరగాల్సి వస్తుంది. లోపలికి తిప్పడం మనకి రోజూ అలవాటే, ఫోన్ చూసినా పుస్తకం చూసినా అదే పని. బయటికి తిప్పడం మాత్రం చాలా కష్టం, మీ తలనొప్పి అక్కడిదే అయ్యుండాలి.

ఆ లోకల్ ఆప్టికల్ వాళ్ళు పవర్ చూసి వదిలేశారు. మళ్ళీ వెళ్ళి, సెంటర్ల మధ్య దూరం కొలిచి చెప్పమనండి, తర్వాత మీ పీడీ కొలవమనండి. అమెరికాలో 1978 నుంచి ఉన్న ఐగ్లాస్ రూల్ ప్రకారం టెస్ట్ అవ్వగానే చీటీ మీరు అడక్కుండానే, వేరే డబ్బులు తీస్కోకుండా చేతికివ్వాలి, కానీ అందులో పీడీ రాయాలని ఆ ఫెడరల్ రూలు చెప్పదు. అందుకే చాలామంది చీటీ పట్టుకుని నేరుగా ఆన్‌లైన్‌కి వెళ్ళిపోయి ఇక్కడే చిక్కుకుంటారు. 2011లో అమెరికా ఆప్టోమెట్రీ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, ఆన్‌లైన్‌లో తెప్పించిన 154 జోళ్ళు పరీక్షిస్తే దాదాపు 45 శాతం ఏదో ఒక దాంట్లో ఫెయిల్, పవర్ లాంటి కొలతల్లోనో, దెబ్బకి తట్టుకునే పరీక్షలోనో. ఆ దెబ్బ పరీక్ష కూడా చెప్తా, అక్కడ మందులు, వైద్య పరికరాలు చూసే ఎఫ్‌డీఏ సంస్థ రూలు, అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల స్టీల్ గుండుని 50 అంగుళాల ఎత్తు నుంచి లెన్స్ మీద వదుల్తారు, పగలకూడదు. ఆన్‌లైన్ అన్నీ చెత్త అని నేను అనను, అప్పటికీ ఇప్పటికీ చాలా మారుంటుంది, కానీ పెద్ద పవర్ ఉన్నవాళ్ళు పీడీ లేకుండా ఆర్డర్ పెట్టడం మాత్రం వద్దు.

ప్రశ్న: నాన్నగారికి 58, ప్రోగ్రెసివ్ లెన్సులు చేయించాం. లెన్స్‌తో వచ్చిన కవర్ మీద రెండు రకాల పవర్లున్నాయి, డాక్టర్ రాసినది ఒకటి, దాని కింద ఇంకోటి కొంచెం తేడాగా. పైగా మెషీన్ మీద పెడితే రెండు కళ్ళకీ కిందవైపు 1.50 ప్రిజమ్ అని కూడా వస్తోంది, డాక్టర్ గారు ప్రిజమ్ రాయనే లేదు! – విశాఖపట్నం

రెండూ తప్పులు కావండీ. ప్రోగ్రెసివ్ అంటే పైన దూరం చూపు నుంచి కింద దగ్గర చూపు దాకా పవర్ మెల్లిగా మారే లెన్స్. ఇప్పటి డిజిటల్ ప్రోగ్రెసివ్‌లలో ఫ్రేమ్ కంటికి ఎంత దూరంలో ఉంది, ఎంత వంగి ఉంది, ముఖం చుట్టూ ఎంత తిరిగింది ఇవన్నీ కొలిచి, పెట్టుకున్నప్పుడు కంటికి డాక్టర్ రాసిన పవర్ అందేలా లెన్స్ పవర్‌ని కొంచెం సర్ది చేస్తారు. లెన్సోమీటర్‌లో పెట్టినప్పుడు లెన్స్ నిటారుగా ఉంటుంది కదా, అప్పుడు వచ్చే నంబర్ వేరు, అదే ఆ కింద రాసినది. ల్యాబులో టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, చూసేటప్పుడు ఆ కింది నంబర్‌తోనే పోల్చాలి, డాక్టర్ చీటీతో కాదు. ఇది తెలియక మంచి లెన్సుల్ని రిజెక్ట్ చేసిన షాపులూ ఉన్నాయి, తెలిసీ "అది అంతే అంకుల్" అని తప్పు లెన్స్‌ని అంటగట్టినవాళ్ళూ ఉండొచ్చు. అందుకే ఆ కవర్ పారేయకండి, అదే మీ సాక్ష్యం.

ప్రిజమ్ సంగతి. ప్రోగ్రెసివ్ లెన్స్ కింద భాగంలో పవర్ పెరుగుతుంది కాబట్టి మామూలుగా చేస్తే పైభాగం మందంగా మిగిలిపోతుంది, దాన్ని పల్చగా చేయడానికి రెండు కళ్ళకీ సమానంగా కిందవైపు ప్రిజమ్ పెట్టి చెక్కుతారు, యాడ్ పవర్‌లో (దగ్గర చూపుకి అదనంగా కలిపే పవర్) మూడింట రెండొంతుల లెక్కన. నాన్నగారి యాడ్ 2.25 అయితే 1.50 వస్తుంది, లెక్క కుదిరిందిగా. రెండు కళ్ళకీ ఒకేలా ఉంటే కంటికి ఏమీ కాదు, ఒకదానికి 1.50, ఇంకోదానికి 0.75 వస్తే అప్పుడు గొడవ పెట్టుకోండి.

లెన్స్‌ని లైట్‌కి అటూ ఇటూ వంచి చూస్తే రెండు చిన్న గుర్తులు లెన్స్‌లోనే చెక్కి కనపడతాయి, వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. చెవి వైపు గుర్తు కింద యాడ్ పవర్ ఉంటుంది, ముక్కు వైపు దాని కింద కంపెనీ గుర్తు. ఆ రెండు చుక్కల్ని పట్టుకునే మిగతావన్నీ కొలుస్తారు, దూరం పవర్ ఎక్కడ చూడాలి, ప్రిజమ్ ఎక్కడ చూడాలి, కంటిపాప ఎక్కడ పడాలి అన్నీ. షాపులో పవర్ ఊరికే లెన్స్ మధ్యలో పెట్టి చూస్తే తప్పుడు నంబర్ వస్తుంది, ఎందుకంటే మధ్యలో పవర్ అప్పటికే మారడం మొదలైపోయుంటుంది. ప్రోగ్రెసివ్‌లకి టాలరెన్స్ కూడా కాస్త వదులు, దూరం పవర్ 8.00 దాకా 0.16, యాడ్‌కి 4.00 దాకా 0.12. కంటిపాప ఎత్తు మాత్రం 1 మిల్లీమీటర్ లోపే ఉండాలి. నాన్నగారు చదవడానికి గడ్డం మరీ ఎత్తాల్సి వస్తోందంటే పవర్ కాదు, ముందు ఆ ఎత్తు చూపించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఫిట్టింగ్ ల్యాబులో కొత్తగా చేరాను అన్నా. మా దగ్గర పాత చేతి లెన్సోమీటరూ ఉంది, ఆటోదీ ఉంది. రెండింట్లో ఒకే లెన్స్ పెడితే 0.12, ఒక్కోసారి 0.25 తేడా వస్తోంది. సీనియర్లు ఆటోది నమ్మమంటారు, మా ఓనర్ చేతిదే దేవుడంటాడు. ఎవర్ని నమ్మాలి?

ముందు చేతి లెన్సోమీటర్‌తో మొదలుపెడదాం. నువ్వు ఐపీస్ ఫోకస్ చేసుకోకుండా రీడింగ్ తీస్తున్నావేమో చూడు. పొద్దున్నే కూర్చోగానే లెన్స్ పెట్టకుండా, ఐపీస్‌ని మొత్తం బయటికి తిప్పి, మెల్లిగా లోపలికి తెస్తూ లోపలి నల్ల గీతలు ఎక్కడ మొదటిసారి స్పష్టంగా కనపడతాయో అక్కడ ఆపాలి. తర్వాత పవర్ చక్రాన్ని తిప్పి గీతలు షార్ప్ అయ్యేచోట చూడు, సున్నా రావాలి. రాకపోతే ఇక ఆ రోజంతా నువ్వు తీసే ప్రతి రీడింగూ అంతే తేడాతో వస్తుంది. నీకంటే ముందు ఆ మెషీన్ మీద పనిచేసినవాడి కళ్ళకి సెట్ చేసిన ఐపీస్‌తో నువ్వు చూస్తే అది ఆయన రీడింగ్, నీది కాదు. ఒకే మెషీన్ మీద ఇద్దరు పనిచేసే ల్యాబుల్లో సగం గొడవలు ఇవే.

ఆటో దాంట్లో తప్పులు వేరే రకం. లెన్స్‌ని ఆనించే ఆ చిన్న ముక్కు మీద దుమ్ము, లెన్స్ దానికి పూర్తిగా ఆనకపోవడం, పెద్ద పవర్ లెన్స్‌ని కాస్త వంకరగా పట్టుకోవడం, వంచితే లేని సిలిండర్ పుట్టుకొస్తుంది. చాలా మెషీన్లు ఆకుపచ్చ వెలుతురుతో కొలిచి లెక్క కట్టి చూపిస్తాయి, అందుకే లెన్స్ మెటీరియల్‌కి తగ్గట్టు ఆబే నంబర్ (రంగులు ఎంత విడిపోతాయో చెప్పేది) పెట్టాలి, మామూలు ప్లాస్టిక్ సీఆర్-39కి 58, పాలీకార్బొనేట్‌కి 30. పెద్ద పవర్లలో ఈ సెట్టింగ్ తప్పితే తేడా కనపడుతుంది, చిన్న పవర్లలో పట్టించుకోనక్కర్లేదు. స్టెప్పు సెట్టింగ్ గురించి పైన గుంటూరు ఆయనకి చెప్పా, అదీ చదువు. మోడ్ కూడా చూసుకో, ప్రోగ్రెసివ్‌ని సింగిల్ విజన్ మోడ్‌లో పెట్టి కంగారుపడేవాళ్ళు ప్రతి ల్యాబులోనూ ఒకరుంటారు.

నా పద్ధతి చెప్తా, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. రోజూ వచ్చే లెన్సులకి ఆటోది చాలు, 0.01 స్టెప్పులో. అంచు మీద ఉన్నది, అంటే 0.11, 0.12, 0.14 ఇలా వచ్చిన లెన్స్‌ని తీసి శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టు, మూడుసార్లు. అప్పటికీ అంచు మీదే ఊగితే చేతి దాంట్లో చూడు. రెండు మెషీన్లకీ వారానికోసారి పవర్ తెలిసిన ఒక మంచి గాజు లెన్స్ పెట్టి చూసి పుస్తకంలో రాసుకో, ఆ పుస్తకం ఉంటే ఓనర్‌కీ సీనియర్లకీ మధ్య పంచాయితీ అక్కర్లేదు, ఏ మెషీన్ జరిగిందో అదే చెప్తుంది.

జోడు బిగించాక చూసేటప్పుడు పవర్ ఎక్కువున్న లెన్స్‌తో మొదలుపెట్టు. దాని సెంటర్ దొరికాక బల్ల ఎత్తు కదపకుండా జోడుని పక్కకి జరిపి రెండోది చూడు, అప్పుడు పైకీ కిందకీ ప్రిజమ్ ఎంతుందో తెలుస్తుంది. బల్ల ఎత్తు మళ్ళీ మార్చావంటే ఆ తప్పు నీకు కనపడదు, పెట్టుకున్నవాడికే కనపడుతుంది. కింద దగ్గర చూపుకి చిన్న అద్దం ఉండే బైఫోకల్, కేటీ రకం గానీ డీ రకం గానీ అయితే యాడ్ కొలవడానికి జోడుని తిరగేసి, ముందువైపు ముక్కుకి ఆనించి దూరం పవర్, దగ్గర పవర్ రెండూ తీసి తేడా చూడాలి, ఆ చిన్న అద్దం ముందువైపు ఉంటుంది కాబట్టి. చిన్న పవర్లకి ఎలా పెట్టినా ఒకటే, ప్లస్ 4, 5 ఉన్నవాళ్ళకి మాత్రం యాడ్ తప్పు వస్తుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. ఫ్రేమ్‌లో మరీ టైట్‌గా బిగించిన లెన్స్ వంగిపోతుంది, బయట పాస్ అయిన లెన్స్ బిగించాక ఫెయిల్ అవుతుంది. అందుకే చివరి చెకింగ్ ఎప్పుడూ ఫ్రేమ్‌లో పెట్టాకే.

ప్రశ్న: నాకు మైనస్ 11. లెన్సులు టెస్ట్‌లో పాసే గానీ సాయంత్రానికి మసకేస్తుంది, జోడు పైకి తోసుకుంటే మళ్ళీ బాగుంటుంది. లెన్స్ లోపమా? – నల్గొండ

లెన్స్ లోపం కాదు, ముక్కు లోపం అందామా. పెద్ద పవర్లకి టాలరెన్స్ రెండు శాతం, అంటే మీ 11కి 0.22 దాకా ఒప్పుకుంటారు. మీ జోడు చెమటకి రెండు మిల్లీమీటర్లు జారితే మీ కంటికి అందే పవర్ దాదాపు 0.24 తగ్గిపోతుంది, పవర్‌ని పవర్‌తో గుణించి ఆ జారిన దూరంతో (మీటర్లలో) గుణిస్తే వచ్చే లెక్క ఇది. అంటే ల్యాబు వాళ్ళకి ఇచ్చిన వెసులుబాటు మొత్తం జోడు జారుడే తినేస్తోంది. నోస్ ప్యాడ్లు మార్పించి, జోడు కాళ్ళు బిగించమనండి. వచ్చేసారి టెస్ట్ చేసేటప్పుడు లెన్సులు మార్చి మార్చి చూసే ట్రయల్ ఫ్రేమ్ కంటికి ఎంత దూరంలో ఉందో చీటీలో రాయించుకోండి, మీ పవర్‌కి అది లేకపోతే చీటీ సగం చీటీయే. ప్లస్ పవర్ వాళ్ళకి ఇది తిరగబడుతుంది, జారితే పవర్ పెరుగుతుంది, పాత తాతగార్లు చత్వారం జోడుని ముక్కు కొసకి దించి పేపర్ చదివేది ఊరికే కాదు.

ప్రశ్న: 1.67 హై ఇండెక్స్ వేయించా, పక్కకి చూస్తే అక్షరాల చుట్టూ నీలం, నారింజ రంగులు. పవర్ మైనస్ 6, కరెక్టే అంటున్నారు. – విజయవాడ

కరెక్టే అయ్యుంటుంది. లెన్స్‌ని పల్చగా చేసే 1.67 మెటీరియల్ ఆబే నంబర్ 32 దాకా, మామూలు సీఆర్-39ది 58. ఆ నంబర్ తక్కువుంటే రంగులు ఎక్కువ విడిపోతాయి. సెంటర్ నుంచి చూస్తే తెలియదు, సెంటర్‌కి 15 మిల్లీమీటర్లు పక్కనుంచి చూస్తే మీ లెన్స్‌లో సీఆర్-39 కంటే రంగుల చెదురు ఇంచుమించు రెట్టింపు. దీన్ని రీడింగ్‌లో పట్టుకోలేరు, పవర్ టాలరెన్స్‌లో దీని గురించి ఏమీ లేదు. కొంతమంది కొన్నాళ్ళకి అలవాటు పడతారు, పడకపోతే 1.60 అడగండి, దాంట్లో ఆబే 41 ఉండేవి దొరుకుతాయి, కాస్త మందంగా ఉంటుంది అంతే. చిన్న ఫ్రేమ్ తీస్కుంటే ఆ మందం కూడా తగ్గుతుంది.

ప్రశ్న: ఇంట్లో మెషీన్ లేకుండా జోడు చెక్ చేసుకునే దారేమైనా ఉందా మేడమ్, లేదా సర్? – వరంగల్

నంబర్ తెలియదు గానీ రకం తెలుస్తుంది. జోడుని చేయి చాచి పట్టుకుని ఒక కన్ను మూసి, లెన్స్‌లోంచి దూరంగా ఉన్న తలుపు అంచుని చూడండి. జోడుని పక్కకి కదిపితే అంచు కూడా అదే వైపు కదిలితే మైనస్, ఎదురు కదిలితే ప్లస్. జోరుగా కదిలితే పవర్ ఎక్కువ. ఇప్పుడు జోడుని చక్రంలా తిప్పండి, నిలువు గీతా అడ్డ గీతా కత్తెరలా విడిపోయి కలిస్తే సిలిండర్ ఉన్నట్టు. ఎడమ కుడి లెన్సులు తారుమారు చేసి బిగించడం లాంటి పెద్ద తప్పులు దీంతో దొరుకుతాయి, రెండు కళ్ళకీ పవర్లో బాగా తేడా ఉన్నవాళ్ళకైతే మరీను. 0.12 తేడాలు దీంట్లో దొరకవు, వాటికి షాపుకే వెళ్ళాలి.

ప్రశ్న: రోడ్డు పక్కన 150 రూపాయల రీడింగ్ గ్లాసెస్, ప్లస్ 2.00 అని స్టిక్కర్. వాడొచ్చా? – తెనాలి నుంచి ఒక రిటైర్డ్ టీచర్

వీటికీ స్టాండర్డులున్నాయండీ మాస్టారూ, ఐఎస్ఓ 16034, అమెరికాలో ఆన్సి జెడ్80.31. రోడ్డు పక్క సరుకు వాటికి నిలబడుతుందా అంటే స్టిక్కర్ చూసి చెప్పలేం, తెలిసిన షాపులో లెన్సోమీటర్ మీద పెట్టించండి, నిమిషం పని. స్టిక్కర్ నిజమే అయినా అందులో రెండు కళ్ళకీ ఒకే పవర్, సిలిండర్ ఉండదు, పీడీ వాళ్ళకి తోచినది. మీకు రెండు కళ్ళూ సమానంగా ఉండి సిలిండర్ లేకపోతే కరెంటు బిల్లు చదవడానికి, మందు సీసా మీద అక్షరాలు చూడ్డానికి పనికొస్తాయి. రోజుకి రెండు మూడు గంటలు పుస్తకం చదివే అలవాటుంటే మాత్రం టెస్ట్ చేయించుకుని చేయించుకోండి, ఎలాగూ నలభై దాటాక కంటి ప్రెషర్ కూడా చూపించుకోవాలి, ఆ 150 రూపాయల జోడు ఆ పని చెయ్యదు.